కామా చోట చుక్క: కంప్యూసర్వ్‌కు నా మొదటి ఈమెయిల్

1992లో నేను అమెరికాలో ఎం.ఎస్. చదువుతుండగా, మరో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి ఇంట్లోని కంప్యూటరుకు ఫోను లైనుతో కలిపే మోడెం తగిలించుకుని, చందాదారులకు ఈమెయిల్ వంటి సేవలు అందించే కంప్యూసర్వ్ అనే సంస్థలో చేరారు. నాకు విశ్వవిద్యాలయం తన యునిక్స్ కంప్యూటర్ల మీద ఇచ్చిన ఖాతా ఉండేది; దానితో ఇంటర్నెట్‌లో ఈమెయిల్ పంపుకునే వీలుండేది. ఫోనులో తీరిగ్గా మాట్లాడాలంటే రేటు తగ్గేదాకా, అంటే రాత్రి 11 దాటేదాకా కాచుకోవాలి కనుక, ఇకమీదట ఉత్తరాలు కంప్యూటరులోనే రాసుకుందామని ఇద్దరం అనుకున్నాం.

వ్యాపార మెయిల్ సంస్థలు మొదట్లో దేనికదే వేరు; ఎంసీఐ మెయిల్ చందాదారు కంప్యూసర్వ్ సభ్యుడికి నేరుగా రాయగలిగేవాడు కాదు. ఇంటర్నెట్ ప్రధాన మార్గం ప్రభుత్వ ధనంతో, చదువు కోసం, పరిశోధన కోసం నడిచేది కాబట్టి, వ్యాపార సంస్థల ఉత్తరాలను అందులోకి రానివ్వడానికి ప్రత్యేకంగా అనుమతి కావలసి వచ్చింది. ఇంటర్నెట్ రూపకర్తలలో ఒకరైన వింట్ సెర్ఫ్ ఆ అనుమతి సంపాదించి 1989లో ఎంసీఐ మెయిల్‌ను ఇంటర్నెట్‌తో కలిపారు. అదే ఏడాది ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ద్వారా కంప్యూసర్వ్‌కూ దారి పడింది.

బాబాయి ఫోనులో తన కంప్యూసర్వ్ సభ్యత్వ నంబరు చెప్పారు: ఐదంకెలు, కామా, మూడంకెలు. నేను దానిని ఉన్నదున్నట్టు కొట్టి, పక్కన ఎట్ గుర్తూ కంప్యూసర్వ్ డాట్ కామ్ అన్న మాటలూ చేర్చి పంపాను. కాసేపటికే రెండు ఉత్తరాలు తిరిగొచ్చాయి. ఐదంకెల పేరుతో ఇక్కడెవరూ లేరని మా విభాగపు యంత్రమే చెప్పింది. మూడంకెల సంఖ్యతో సభ్యుడెవరూ లేడని అవతలి గేట్‌వే, అంటే ఇంటర్నెట్‌నూ కంప్యూసర్వ్‌నూ కలిపే యంత్రం, చెప్పింది. ఒక్క ఉత్తరం రెండుగా ఎలా చీలిందో నాకు బోధపడలేదు. కంప్యూటర్ సెంటరులో ఒక సీనియర్ విద్యార్థి చూసి, ఇంటర్నెట్ మెయిల్ నియమాల ప్రకారం కామా ఇద్దరు గ్రహీతలను విడదీసే గుర్తని, దాని చోట చుక్క పెట్టాలని చెప్పారు.

చుక్క పెట్టి పంపినా మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి ఆయన నా కాగితం మీది నంబరు చూసి, "ఇందులో 9 ఉంది. కంప్యూసర్వ్ నంబరులో 8, 9 ఉండవు" అన్నారు. ఆ సంస్థ మొదటి నుంచీ వాడిన పీడీపీ-10 అనే పాత పెద్ద కంప్యూటరు తరహా యంత్రాలలో ఖాతా సంఖ్యలను ఎనిమిది ఆధారంగా లెక్కించేవారు కాబట్టి, అంకెలు 0 నుంచి 7 వరకే ఉండేవి. బాబాయి "ఫైవ్" అన్నది నాకు ఫోనులో "నైన్" అని వినపడింది. ఆ ఒక్క అంకె దిద్దాక ఉత్తరం తిరిగి రాలేదు.

జవాబు రాయడానికి బాబాయికీ ఒక పద్ధతి ఉండేది. నా చిరునామా ముందు "ఇంటర్నెట్" అన్న మాటనూ, దాని పక్కన కోలన్‌నూ చేర్చకపోతే కంప్యూసర్వ్ నన్ను తన సభ్యుడిగానే వెతికేది. ఆ సంగతి నేను రాత్రి 11 తరువాత ఫోను చేసి చెప్పాను.

మర్నాడు ఉదయానికి జవాబు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: నాన్నగారి కంటి ఆపరేషను బాగా జరిగిందని, కట్టు విప్పారని. పంపినవారి చిరునామాలో కామా చోట చుక్కను గేట్‌వేయే పెట్టి పంపింది. నేను నంబరు కొట్టనక్కరలేకుండానే జవాబు రాయగలిగాను.