మానడానికీ మందుంది

పొద్దున్నే వచ్చే దగ్గును సిగరెట్ తాగే మగవాళ్లెవరూ జబ్బు కింద లెక్కేయరు. రెండంతస్తులు ఎక్కేసరికి రొప్పు మొదలయ్యాక, మా ఆవిడ పోరు పడలేక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించమన్నారు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా... ఆపకండి!" అని టెక్నీషియన్ పక్కనుంచి ఒకటే కేకలు. కళ్లు బైర్లు కమ్మాయి. వదిలిన మొత్తం గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రావాలట. నాకు సగానికి కాస్త పైన వచ్చింది. ఇన్‌హేలర్ పీల్చాక మళ్లీ ఊదినా అంతే. సీఓపీడీ అని తేల్చారు, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలపు జబ్బు.

బయట బెంచీల మీద దాదాపు అందరూ మగవాళ్లే. "తలుచుకుంటే రేపే మానేస్తా" అనని మనిషి లేడు. "నేను రోజుకొకటే తాగుతాను" అన్నాడొకాయన ధీమాగా. గుండెజబ్బు విషయంలో ఆ ఒక్కటీ తక్కువదేం కాదు. రోజుకు ఇరవై తాగేవాళ్లకు పెరిగే ముప్పులో దాదాపు సగం దానికే ఉంటుంది. సిగరెట్ మానడానికి ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ మాటెత్తితే ఇంకొకాయన నవ్వాడు: "పట్టుదల ఉండాలి గానీ, దీనికి మందులేంటండీ?"

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బీపీ బిళ్లకు అడ్డురాని పౌరుషం దీనికే ఎందుకు అడ్డొస్తుందో! పీల్చిన పది సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. దాన్ని ఉత్త పంతంతో ఆపడం కొందరికి కుదురుతుంది, చాలామందికి కుదరదు.

"నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి?" అని అడిగారు డాక్టరు. పళ్లు తోముకోకముందే అన్నాను. అరగంట లోపైతే అలవాటు బాగా ముదిరినట్టేనట. 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్ రాశారు, మరీ లాగినప్పుడు నమలడానికి నికోటిన్ గమ్. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే ఎక్కిళ్లే. కాస్త నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి.

సిగరెట్ మానేశాక మొదటి రెండు మూడు రోజులు నరకం. చిరాకు, నిద్రలేమి, ఊరికే టెన్షన్. పైగా దగ్గు ఎక్కువైంది. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు మళ్లీ పనిలో పడితే అలాగే ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే "మానేస్తేనే జబ్బు" అని మళ్లీ వెలిగించేవాణ్ని.

ప్యాచ్ 14కు, 7కు తగ్గి, చివరికి అదీ పోయింది. ఇన్‌హేలర్ మాత్రం ఉంటుంది. పోయిన ఊపిరి తిరిగి రాదని, తరిగే వేగమే తగ్గుతుందని ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు. మొన్న మళ్లీ ఊదిస్తే అంకె దాదాపు పాతదే. నాకు నీరసం వచ్చింది గానీ, ఆయన మాత్రం "మనకు కావాల్సింది ఇదే" అంటూ రిపోర్టు మీద టిక్కు పెట్టారు.