స్పార్ మీద అడ్డగీత: కొయ్య రెక్కతో నా అనుభవం

నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టర్ గారు మా కొయ్య విమానం రెక్కలోని కొత్త స్పార్ సరిగ్గా ఉందని సంతకం పెట్టారు. ఏడు నెలల పని. చేతులకి అంటిన రిసార్సినాల్ జిగురు మరక ఇంకా వదల్లేదు. పచ్చిగా గుర్తుండగానే రాసేస్తున్నాను. కొయ్య విమానం కొనుక్కున్నవాళ్లు, బాగు చేద్దామనుకుంటున్నవాళ్లు ఒక్కరు చదివినా చాలు, నేను పడ్డ గోతిలో పడకుండా ఉంటారు.

మాది రెండు సీట్ల విమానం. రెక్క పైన ఉంటుంది, గుడ్డ తొడుగు. ఒక్కో రెక్కలో ముందొకటి, వెనకొకటి స్ప్రూస్ అనే తేలిక కర్రతో చేసిన స్పార్లు. స్పార్ అంటే రెక్క పొడవునా సాగే దూలం. గాల్లో ఉన్నప్పుడు బరువంతా దాని మీదే.

మొదటి పనులన్నీ చకచకా అయిపోయాయి. గుడ్డ ఊడదీశాను, దుమ్ము దులిపాను. వెనక అంచున నీళ్లు కారిపోయే చిల్లులు మూడు పూడుకుపోయి ఉంటే తెరిచాను. తేమ మీటరు 10, 11 శాతం చూపించింది. 20 శాతం లోపు ఉంటే కొయ్య కుళ్లదు, కాబట్టి ఆ భయం తీరింది. బోల్టుల చుట్టూ నల్ల మరకల్లేవు, కన్నాలు సాగలేదు. సన్నటి ఆరెతో పొడిస్తే ఎక్కడా మెత్తగా దిగలేదు. చిన్న సుత్తితో తడితే అతుకులన్నీ ఒకే మోత మోగాయి. పల్చటి ఫీలర్ రేకు జిగురు గీతలోకి ఎక్కడా దూరలేదు.

మా నాన్న వడ్రంగి. చిత్రిక పొట్టులో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. కొయ్య విషయంలో నాకు ఇంకొకరు చెప్పేదేముందన్న ధీమా ఉండేది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లిద్దరికీ ఆ ఉదయమే, "ఈ స్పార్‌కి ఢోకా లేదురా, ఇంకో ముప్పయ్యేళ్లు మోస్తుంది" అని చెప్పాను.

ఇన్‌స్పెక్టర్ గారు పెద్దాయన, మాట తక్కువ. వచ్చి స్పార్ చుట్టూ ఒకసారి తిరిగి, "లైటు ఎటునుంచి వేసి చూశారు?" అన్నారు.

"అన్ని వైపుల నుంచీ చూశానండీ. పైనుంచీ, పక్కనుంచీ."

"నార వెంట వేశారా?"

నేను మాట్లాడలేదు. ఆయన షెడ్డులో లైట్లన్నీ ఆర్పించారు. టార్చిలైటుని స్పార్ ముఖానికి ఆనించి, వెలుగు నార వెంట పాకేలా పట్టుకుని మెల్లగా నడిచారు. రెక్కని కింది నుంచి పట్టి ఉంచే కడ్డీని స్ట్రట్ అంటారు, అది తగిలించే చోట స్పార్‌కి ప్లైవుడ్ పలకలు అంటించి ఉంటాయి. ఆ పలక అంచు దాటగానే ఆగారు. "బాబూ, ఇలా వచ్చి వేలు పెట్టి చూడండి."

వెంట్రుకంత సన్నటి గీత. నారకి అడ్డంగా, స్పార్ పై అంచు నుంచి కిందికి దిగుతోంది. వేలికి చిన్న ముడతలా తగిలింది. వెలుగు నార వెంట వస్తున్నంతసేపూ ఆ ముడత నీడ కనబడుతుంది. టార్చి పక్కకి తిప్పితే మాయం. ఆయన తిప్పి చూపించారు, మళ్లీ తిప్పి చూపించారు. కుర్రాళ్లిద్దరూ నా వెనకే నిలబడి ఉన్నారు. చెవులు వేడెక్కిపోయాయి. ఆ స్పార్‌నే నేను నాలుగు రోజులు చూశాను. ఆయన నాలుగు నిమిషాలు కూడా చూడలేదు.

దాన్ని కంప్రెషన్ ఫెయిల్యూర్ అంటారు. పచ్చి గడ్డిపరకని వంచితే లోపలి వైపు మడత పడుతుంది చూడండి, అదే ఇదీ. కొయ్య అదిమినప్పుడు నార నలిగి మడత పడుతుంది. పైకి దూలం నిటారుగానే ఉంటుంది, తట్టినా గట్టిగానే మోగుతుంది. కానీ తర్వాత లాగుడు పడ్డప్పుడు ఆ మడత దగ్గర నారకి సత్తువ ఉండదు.

నాకెందుకు కనబడలేదా అని ఆ రాత్రంతా ఆలోచించాను. వడ్రంగి కన్ను బీట కోసం వెతుకుతుంది. బీట ఎప్పుడూ నార వెంటే పోతుంది. తలుపుకీ మంచానికీ వచ్చే లోపం అదే. బీట కనబడాలంటే వెలుగు నారకి అడ్డంగా పడాలి, నేను చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తున్నాను. నాన్న నేర్పిన చూపు తప్పు కాదు, అది తలుపుల చూపు. విమానానికి రెండో చూపు కూడా కావాలి. ఇది రాస్తున్నది ముఖ్యంగా ఆ ఒక్క ముక్క కోసమే: షెడ్డు చీకటి చేయండి, టార్చి ఆనించి పట్టండి, వెలుగుని నార వెంట పంపండి. స్పార్ నాలుగు ముఖాలూ అలా చూడండి, పలకల అంచుల దగ్గర, రెక్కకి ఆకారాన్నిచ్చే రిబ్బుల మేకుల దగ్గర రెండుసార్లు చూడండి.

ఆ గీత ఎలా వచ్చిందో, విమానానికి చేసిన పనులన్నీ రాసిపెట్టే లాగ్‌బుక్‌లో దొరికింది. నేను కొనక ఎన్నో ఏళ్ల ముందు, "రెక్క కొస పట్టీ మార్చడమైనది" అని ఒక్క వాక్యం. రెక్క కొస నేలకి కొట్టుకుని ఉంటుంది. కొస దగ్గర తగిలిన దెబ్బ దూలం వెంట లోపలికి వచ్చి, పలక అంచు దగ్గర, మందం ఒక్కసారిగా తగ్గే చోట పట్టేస్తుంది. ఆ పని చేసినాయన కొస పట్టీ మార్చి, గుడ్డ అతికించి పంపేశాడు. గుడ్డ ఇంకో రెండు మూరలు విప్పి లోపలికి చూసి ఉంటే సరిపోయేది. కనీసం "రెక్క నేలకి తగిలింది" అని రాసి ఉన్నా, నేను ఎక్కడ చూడాలో నాకు తెలిసేది. ఆ స్పార్‌ని నమ్మి ఆ తర్వాత ఎంతమంది ఎగిరారో! లాగ్‌బుక్‌లో నిజం దాచినవాణ్ణి నేను క్షమించలేను. మనం రాసే ఒక్క వాక్యం మనకి ముఖమైనా తెలియని మనిషి ప్రాణానికి పూచీ.

అతుకు వేద్దామని ముందు నేనే అన్నాను. స్పార్‌కి స్కార్ఫ్ అతుకు వేయొచ్చు, అంటే రెండు ముక్కల కొసల్నీ ఏటవాలుగా కోసి అంటించాలి, ఆ వాలు పొడవు మందానికి పదింతలకి తగ్గకూడదు. కానీ ఫిట్టింగుల కింద, అంటే స్ట్రట్ లాంటివి బిగించే లోహపు పట్టీల కింద, అతుకు రాకూడదు, ఫిట్టింగు అతుకులో ఏ భాగాన్నీ కప్పకూడదు. చెడ్డ కొయ్య తీసేసి అంత వాలు కోస్తే అతుకు సరిగ్గా స్ట్రట్ ఫిట్టింగు కిందికే వస్తోంది. లెక్క మూడుసార్లు వేసినా అంతే. ఇక మొత్తం స్పారే మార్చాలి.

అనుమతి కోసం ఒక ఆఫీసులో అదే డ్రాయింగు మూడుసార్లు ఇచ్చాను. మూడోసారి తీసుకున్న మనిషి మొదటి రెండు కాపీలూ తన బల్ల మీదే ఉండగా ఇంకోటి అడిగాడు. ఏది ఇచ్చినా చేతి రసీదు తీసుకోండి. అంతకన్నా ఆ ఆఫీసు గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది.

కొత్త కర్ర ఎంచడం మాత్రం నా ఘనతే అని చెప్పుకుంటాను. అంగుళానికి కనీసం ఆరు వయసు గీతలుండాలి, నార వాలు 15 అంగుళాలకి ఒక అంగుళం దాటకూడదు. దుకాణంవాడు "మొదటి రకం" అని చూపించిన ఏడు పలకల్లో ఐదు తిరగ్గొట్టాను. ఇన్‌స్పెక్టర్ గారు మిగిలిన రెండూ చూసి తలూపారు. నాన్న ఉంటే ఆ తలూపు చూసి మురిసిపోయేవాడు.

కొత్త స్పార్‌కి ప్లైవుడ్ పలకలు అంటించే దగ్గర ఇంకోసారి దెబ్బ తిన్నాను. అసలు పనికి ముందు అదే కర్ర, అదే జిగురుతో నమూనా ముక్కలు అంటించి విరిచి చూడాలి. కొయ్య చిరగాలి, జిగురు గీత విడిపోకూడదు. నా ముక్కలు మూడూ జిగురు దగ్గరే నున్నగా ఊడొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ గారు ముక్కని చేతిలో తిప్పి, "ఉప్పుకాగితం రుద్దారా?" అని మాత్రం అడిగారు. రుద్దాను, ఇంకా నున్నగా ఉండాలని. ఆ పొడి కొయ్య రంధ్రాల్లో కూరుకుపోయి జిగురుని లోపలికి పోనివ్వదు. స్ప్రూస్ లాంటి మెత్తటి కర్రకి పదునైన చిత్రికే ఆఖరి పని, ఆ తర్వాత ఎనిమిది గంటల్లోపు అంటించేయాలి. రిసార్సినాల్ ఖాళీల్ని పూడ్చదు, రెండు ముఖాలూ బిగుతుగా కలవాలి. 21 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే డబ్బా మూత తీయొద్దు. 1944లో భారత్, బర్మాల్లో కొయ్యతో చేసిన మస్కిటో యుద్ధవిమానాల రెక్కలు విఫలమైనప్పుడు దర్యాప్తు చేసినవాళ్లు వేడినీ తేమనీ మాత్రమే తప్పు పట్టలేదు, అతుకులు సరిగ్గా కలవకపోవడాన్నీ ఎత్తి చూపారు. అది తెలిసీ నేను కాగితం పట్టుకున్నాను.

చిత్రిక పట్టి మళ్లీ మూడు ముక్కలు చేశాను. మూడింటా కొయ్యే చిరిగింది. చింపిరి చింపిరిగా వచ్చిన ఆ నారని చూస్తే కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను.

పాత స్పార్‌లో గీత ఉన్న చోట మూరెడు ముక్క కోయించి, కుర్రాళ్లలో చిన్నవాడికిచ్చి మోకాలి మీద పెట్టి విరవమన్నారు ఆయన. పీచు కూడా లేవకుండా, గీత దగ్గరే టక్కున తెగిపోయింది. వాడు రెండు ముక్కలూ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు.

వచ్చే వారం గుడ్డ తొడుగు మొదలుపెడతాం. అది అయ్యాక బరువు తూచి గురుత్వ కేంద్రం కొత్తగా లెక్క కట్టాలి. లాగ్‌బుక్‌లో మాత్రం నిన్న రాత్రే రాసేశాను. పేజీన్నర పట్టింది.