పడగ పండగైన రోజు

అచ్చుకు వెళ్లే ప్రతుల్లో తప్పులు దిద్దడం నా వృత్తి. ఏడాదిన్నర క్రితం ఒక మధ్యాహ్నం, పాము పడగ విప్పే ఘట్టంలో ‘పడగ’ అన్న మాట నాకు ‘పండగ’గా కనిపించింది. సున్న కొట్టేద్దామని కలం ఆనించేసరికి ఆ సున్న పక్క అక్షరం మీదికి జరిగింది. చూపు కదిపితే తానూ కదిలింది, చూపు ఆపితే కాస్త ఊగి మెల్లగా కిందికి జారింది. కళ్లద్దాలు రెండుసార్లు తుడిచాను. ఎడమ కన్ను మూసినా అది ఉంది, కుడి కన్ను మూస్తే లేదు.

ఆ రాత్రి దీపం ఆర్పాక కుడి కంటి అంచున మెరుపు వంకరగా మెరిసి మాయమైంది. కళ్ల ముందు నలుసులు ఆడటం చిన్నప్పటి నుంచీ ఎరిగినదే కాబట్టి పట్టించుకునేవాణ్ణి కాదేమో గాని, మెరుపు మాట వినగానే అక్కయ్య ఫోనులోనే గద్దించింది. ‘‘కంటితో ఆటలేమిటి? పొద్దున్నే వెళ్లి చూపించుకో.’’

కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేసి అరగంట కూర్చోబెట్టారు. డాక్టరు గారు నుదుటికి దీపం తగిలించుకుని, నన్ను పైకీ కిందికీ పక్కలకూ చూడమంటూ వెలుతురును గ్రహించే లోపలి పొర అయిన రెటీనా అంచుల వరకూ వెతికారు. ఆ తరువాత చెప్పిన సంగతి నాకు కొత్త. కనుగుడ్డును నింపి ఉండే నాలుగు మిల్లీలీటర్ల జిగురు పదార్థం దాదాపు అంతా నీరేనట. వయసు పెరిగే కొద్దీ అది పలచబడి, అందులోని సన్నని కొల్లాజెన్ పోగులు ఉండకట్టి, వాటి నీడ రెటీనా మీద పడుతుందట. నాకు 54 ఏళ్లు, పైగా మైనస్ ఏడు పవరు. హ్రస్వదృష్టి ఉన్నవారిలో ఈ మార్పు తొందరగానే వస్తుంది. వెనక భాగంలో ఆ జిగురు రెటీనా నుంచి విడిపోయేటప్పుడు, దృష్టి నాడి చుట్టూ అంటుకుని ఉన్న భాగం వలయంగా ఊడి వచ్చింది. నా సున్న అదే. విడిపోతూ లాగిన లాగుడుకు మెరుపులు కనబడ్డాయి, ఎందుకంటే రెటీనాను ఏది కదిలించినా అది వెలుతురుగానే తెలుపుకుంటుంది.

అదృష్టవశాత్తు ఆ లాగుడుకు రెటీనాలో చిరుగు పడలేదు. ఉంటే వెంటనే దాని చుట్టూ లేజరుతో అతుకు వేసేవారు. నెల తరువాత మళ్లీ రమ్మని, ఈలోగా చుక్కలు ఒక్కసారిగా వానలా రాలినా, మెరుపులు పెరిగినా, చూపులో ఒక వైపు నుంచి తెర దిగుతున్నట్లు అనిపించినా అదే రోజు రావాలని హెచ్చరించారు.

భయం తీరింది గాని చిరాకు తీరలేదు. ‘ఏమీ కాదు’ అన్న మాట రోగికి సగం ఊరట, సగం అవమానం. తీసేసే మార్గం లేదా అని అడిగాను. ఉంది. యాగ్ లేజరుతో ఆ ముద్దను పగలగొట్టవచ్చు, కాని అది కటకానికీ రెటీనాకూ తగినంత దూరంలో ఉండాలి, పూర్తిగా పోతుందన్న హామీ లేదు. రెండోది విట్రెక్టమీ, అంటే ఆ జిగురునే తొలగించే శస్త్రచికిత్స. దాని వల్ల నలుసులు నిజంగానే పోతాయి. అయితే నా వయసువారికి ఆ తరువాత శుక్లం త్వరగా రావడం మామూలు, అరుదుగానైనా రెటీనా ఊడటం, కంట్లో ఇన్ఫెక్షను ఉండనే ఉన్నాయి. ‘‘దీని వల్ల మీరు ఏ పని మానేశారు?’’ అని డాక్టరు గారు అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి ఒక నెల లెక్క రాసుకున్నాను. విసుగు చాలాసార్లు నమోదైంది, మానేసిన పని ఒక్కటీ లేదు. చదవలేని, బండి నడపలేని స్థితి వచ్చినవారు ఆపరేషను కోరుకోవడం సబబే. నా సున్న కోసం నేను ఆ బేరం చేయదలచుకోలేదు. కంప్యూటరు తెర వెలుతురు తగ్గించి, వెనక రంగును లేత బూడిదకు మార్చుకున్నాను. సున్న సరిగ్గా అక్షరం మీద కూర్చుంటే చూపు ఒకసారి పైకీ కిందికీ ఆడిస్తాను, అది పక్కకు తొలగుతుంది. ఆరు నెలలకు వెతికితేనే కనిపించసాగింది. ఎండలో తెల్ల గోడ ముందు మాత్రం ఇప్పటికీ నమ్మకంగా హాజరవుతుంది.

రెండో కంటికీ ఇదే జరగవచ్చని ముందే చెప్పారు కనుక రోజూ ఉదయం ఒక్కో కన్ను మూసి చూసుకుంటున్నాను. పోయిన వారం ఎడమ కంటి అంచున మెరుపు మెరిసింది. ఈసారి అక్కయ్యకు ఫోను, చుక్కల మందు వేయించుకుని వరండాలో కూర్చున్నాక చేశాను.