ఆ 60 గ్రాములు ఎక్కడ తగ్గాయి?

మంచం దిగి కుడికాలు నేల మీద మోపగానే మడమలో మేకు దిగినట్లు అనిపించిన ఆ ఉదయం, అది ముందురోజు ఆటలో ఎక్కడో తగిలిన దెబ్బ అయి ఉంటుందనుకున్నాను. గోడ పట్టుకుని పది అడుగులు వేసేసరికి నొప్పి సగమైంది, స్నానం ముగిసేసరికి దాదాపు మరచిపోయాను. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. లేవగానే కుంటడం, అరగంటలో మామూలైపోవడం, సాయంత్రం ఆడటం, ఆట ముగిశాక కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ కుంటడం దినచర్య అయిపోయింది. నడుస్తూ ఉంటే తగ్గిపోయే నొప్పిని జబ్బుగా ఒప్పుకోవడానికి మనసు రాక ఏడు వారాలు వృథా చేశాను.

నాకప్పుడు 43 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా టెన్నిస్ ఆడుతున్నాను, అదీ ఎప్పుడూ హార్డ్ కోర్టు మీదే. నొప్పి మొదలవడానికి రెండు నెలల ముందు కొత్త బూట్లు కొన్నాను. వంటింటి కాటా మీద పెట్టి చూస్తే పాత బూటు ఒక్కటి 385 గ్రాములు తూగింది, కొత్తది 325. ఆ 60 గ్రాముల తేడా కాలికి వెంటనే తెలిసింది. తొలిరోజు నెట్ దగ్గరికి పరుగెత్తుతుంటే వయసు వెనక్కి మళ్ళినట్లనిపించి, ఆ ఉత్సాహంలో వారానికి మూడు రోజుల ఆటను ఐదు రోజులకు పెంచేశాను. ఈ రెండో సంగతిని డాక్టరుకు చెప్పనే లేదు, ఆయనే అడిగి రాబట్టారు.

ఆయన నా మడమ అడుగున, లోపలి అంచుకు కాస్త ముందుగా, బొటనవేలితో నొక్కితే నోట మాట రాలేదు. కాలివేళ్లను పైకి వంచిపట్టి అదే చోట మళ్ళీ నొక్కారు, ఈసారి కేక వేశాను. ‘ప్లాంటార్ ఫేషియైటిస్’, అంటే అరికాలి నారపట్టీ జబ్బు, అని కాగితం మీద రాశారు. ఎముకలో సన్నటి పగులు వంటిది లేదని తేల్చుకోవడానికి తీయించిన ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లులా చిన్న పెరుగుదల కనిపించింది. ఆ బొమ్మ చూసి నేను బెదిరిపోయాను గాని, అటువంటి ముల్లు ఏ నొప్పీ లేని ఎంతోమందికి ఉంటుందనీ, నా బాధకు కారణం అది కాదనీ ఆయన చెప్పారు.

మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి నారపట్టీ ఉంటుంది. విల్లుకు అల్లెతాడు ఎలాగో పాదపు వంపుకు అది అలాగ. వేళ్లు పైకి వంగినప్పుడల్లా ఆ పట్టీ, ఇరుసుకు తాడు చుట్టుకున్నట్లు, వేళ్ల మొదళ్ల చుట్టూ తిరిగి బిగుసుకుంటుంది. హిక్స్ అనే వైద్యుడు 1954లోనే దీనిని వివరించారు. టెన్నిస్‌లో మనం నేలను తన్నుకుని కదిలే ప్రతి అడుగులోనూ, ముఖ్యంగా సర్వీసులోనూ, జరిగేది ఇదే. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో పిక్క, పట్టీ రెండూ కురచబడి ఉంటాయి, ఉదయపు తొలి అడుగు వాటిని ఒక్కసారిగా లాగుతుంది. పేరు వాపును సూచించేదే అయినా, నెలల తరబడి సాగిన నొప్పిలో వాపుకంటే నారలు అరిగి చివికిపోవడమే ఎక్కువట. అందువల్ల వాపు మాత్రలతో పని తీరదని తేలిపోయింది. ఇంజెక్షన్ గురించి నేనే అడిగాను. స్టెరాయిడ్ ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉండవచ్చని, అయితే పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు మెత్త పలచబడే ప్రమాదం కొంత ఉన్నాయని ఆయన చెప్పడంతో వద్దనుకున్నాను. శస్త్రచికిత్స అవసరం లేకుండానే ఎక్కువమందికి ఏడాది లోపల నయమవుతుందన్న మాట ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు గాని, నాకు ‘ఏడాది’ అన్న మాట తప్ప మరేదీ వినబడలేదు.

ఫిజియోథెరపిస్టు నాకు ఇచ్చిన పనులు చూడటానికి చాలా చిన్నవి. మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు, రోజుకు మూడు దఫాలు. గోడకు చేతులాన్చి పిక్కను సాగదీయడం, మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, వంచి ఒకసారి. గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం. ఇంట్లో కూడా ఉత్తకాళ్లతో నడవకపోవడం. రాత్రిళ్లు పాదాన్ని పైకి వంచి ఉంచే పట్టీ ఒకటి కట్టుకోమన్నారు, నాలుగు రాత్రులు నిద్ర లేక దానిని పక్కన పడేశాను. అసలు పని మాత్రం మెట్టు అంచు మీద జరిగింది. తువ్వాలును చుట్టి వేళ్ల కింద పెట్టుకుని, మూడు సెకన్లలో మడమ పైకెత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి, అదీ రోజు విడిచి రోజు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, మూడు నెలల దగ్గర చూస్తే, ఉత్త సాగదీతకన్నా ఈ బరువు వ్యాయామం మెరుగైన ఫలితమిచ్చిందని ఆవిడ చెప్పారు.

పదికి ఎంత నొప్పి ఉందో రోజూ ఉదయం ఒక నోటుపుస్తకంలో రాసుకోమన్నదీ ఆవిడే. తొలి నెల అంతా ఏడు, ఏడు, ఆరు, మళ్ళీ ఏడు. తొమ్మిదో వారంలో ఒకరోజు అంకె మూడుకు దిగింది. ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా అవే తేలిక బూట్లు వేసుకుని అరగంట ఆడి వచ్చాను. మరునాటి ఉదయం పుస్తకంలో ఎనిమిది రాయవలసి వచ్చింది. కోర్టు పక్కన బల్ల మీద కూర్చుని ఇతరుల ఆట చూసిన ఆ నెలలలో నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టింది ఈ నా తొందరపాటే.

తప్పు ఒప్పుకున్నాక ఆవిడ, “మీరు ఆడే బూట్లన్నీ తీసుకురండి” అన్నారు. పాతదాన్ని రెండు చేతులా పట్టుకుని మెలిపెడితే అది కొద్దిగా మాత్రమే తిరిగింది. కొత్తది తడిగుడ్డను పిండినట్లు మెలి తిరిగింది. ముందువైపు నొక్కితే పాతది వేళ్ల మొదళ్ల దగ్గర వంగింది, కొత్తది సరిగ్గా నడిమధ్య, అంటే పాదపు వంపు ఉండే చోట, రెండుగా మడిచిన పుస్తకంలా వంగింది. కొత్తదానిలో మడమను చుట్టి ఉండే వెనుక భాగాన్ని వేళ్లతో నొక్కితే లోపలికి కుంగిపోయింది. “బరువు తగ్గడం తప్పేమీ కాదండీ, ఎక్కడ తగ్గించారో చూసుకోవాలి” అన్నారు ఆవిడ. నా కొత్త బూటులో వంపు కింద ఉండవలసిన గట్టి బద్ద లేదు, మడమ కింది ఫోమ్ కూడా పలచన. నా 60 గ్రాములు చాలావరకు అక్కడే తగ్గాయి. అయినా నెపమంతా బూట్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. పెంచిన రోజులు, బిగుసుకుపోయిన పిక్కలు కూడా నావే.

హార్డ్ కోర్టు కాకపోయి ఉంటే ఇంత జరిగేది కాదేమో. తారు లేదా కాంక్రీటు పునాది మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగును పొరలు పొరలుగా పూస్తే తయారయ్యే నేల అది. మట్టి కోర్టు మీద పాదం కొంత జారి ఆగుతుంది, ఇక్కడ రబ్బరు పట్టుకున్నచోటే బూటు ఆగిపోతుంది, ఆ వేగమంతా పాదం భరించాలి. అమెరికన్ ఓపెన్ 1978 నుంచి, ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988 నుంచి ఈ రకం నేల మీదే జరుగుతున్నాయి, అక్కడి ఆటగాళ్ల కాళ్లకు ఉన్న జతను చూసి మురిసిపోయే నాలాంటివారు వాళ్ల పిక్కల బలాన్ని లెక్కలోకి తీసుకోరు. పరుగులో ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే ప్రాణవాయువు ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ లెక్కన నేను మిగుల్చుకున్నది అర శాతం కాస్త పైన, అదీ తిన్నగా పరుగెత్తితే. టెన్నిస్‌లో తిన్నగా పరుగెత్తేది ఎంత దూరమని?

కొత్త జత కోసం వెతికేటప్పుడు పెట్టె మీది బరువు అంకెను చివరికి చూడాలని నిర్ణయించుకున్నాను. పైగా ఆ అంకె ఏదో ఒక కొలతకు తూచినది, నాది అంతకన్నా పెద్ద పాదం. పైభాగం పలచటి జాలీ గుడ్డతో ఉండి గ్రాములు తగ్గితే నాకు అభ్యంతరం లేదు, పక్కలకు అడుగు వేసినప్పుడు పాదం బూటు అడుగు మీద నుంచి జరిగిపోకుండా పట్టుకుంటే చాలు. అడుగు రబ్బరు పలచనైతే బూటు త్వరగా అరుగుతుంది, గరుకైన హార్డ్ కోర్టు మీద మరీ త్వరగా, కాని అది డబ్బు నష్టమే. మడమ ఫోమ్‌లో, వంపు బద్దలో తగ్గించిన దానికి మాత్రం పాదమే మూల్యం చెల్లిస్తుంది. మెత్తగా ఉంటాయి కదా, పరుగు బూట్లు వేసుకుని ఆడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అవి ముందుకు సాగడానికి చేసినవి. ఎత్తైన మెత్తటి మడమతో పక్కకు దూకితే చీలమండ మడతపడటానికి ఎక్కువసేపు పట్టదు.

పాదాలు కొంత ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, ఆటకు వేసుకునే దళసరి మేజోళ్లతోనే వెళ్లాను. ముందు బొటనవేలి గోరంత ఖాళీ, వెనుక మడమ లేవకుండా పట్టు. లోపలి మెత్తను బయటికి తీసి దాని మీద నిలబడి, పాదం అంచులు దాటడం లేదని చూసుకున్నాను. ప్రతి జతనూ మెలిపెట్టి చూస్తుంటే అమ్మే అబ్బాయి వింతగా చూశాడు గాని ఏమీ అనలేదు. ముందుభాగంకన్నా మడమ సుమారు 10 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్న జత పిక్క మీద లాగుడు తగ్గించింది. చివరికి తీసుకున్నది కాటా మీద 350 గ్రాములు తూగింది. అదీ తేలికైనదే.

ఐదో నెలలో, సర్వీసు గీతల లోపల పదిహేను నిమిషాల మెల్లటి ఆటతో మళ్ళీ మొదలుపెట్టాను. మరునాటి ఉదయం పుస్తకంలో అంకె పెరగకపోతేనే ఐదు నిమిషాలు కలపడం, పెరిగితే రెండు రోజులు ఆగడం. వేళ్ల మీద లేచే పని కనుక సర్వీసును అన్నింటికన్నా చివర చేర్చాను. తొమ్మిదో నెలలో పూర్తి సెట్ ఆడాను, ఓడిపోయాను కూడా. ఇప్పుడు వారానికి మూడు రోజులే. ఆ బూట్లను కోర్టు బయట వేసుకోను. అడుగు రబ్బరు ఇంకా బాగానే ఉన్నా లోపలి ఫోమ్ ముందే నీరసించిపోతుంది కనుక, ఎప్పుడు వాడటం మొదలుపెట్టానో బూటు నాలుక వెనుక పెన్నుతో రాసుకున్నాను. నోటుపుస్తకంలో వరుసగా 30 ఉదయాలు సున్న పడ్డాక రాయడం మానేశాను గాని, మంచం దిగేముందు వేళ్లు వెనక్కి లాగి పది లెక్కపెట్టడం మానలేదు.