పేర్ల జోలికి పోని కోడ్ కావాలి

ఈరోజు పనంతా పేర్ల చుట్టూనే తిరిగింది. సభ్యత్వ కార్డుల మీద ఇంగ్లిష్‌లో పేర్లు అచ్చువేసే పాత ప్రోగ్రామును పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి పైథాన్ అనే మరో భాషలోకి మారుస్తున్నాం. పాతదాంట్లో యూసీవర్డ్స్ అనే ఫంక్షన్ ఉండేది, ఆ స్థానంలో పైథాన్‌లోని టైటిల్ అనే ఫంక్షన్ వచ్చింది. రెండూ ప్రతి మాట మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసేవే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ టెస్టులు వరసగా ఫెయిలయ్యాయి.

మెక్‌డొనాల్డ్ (McDonald) పేరులో మధ్యనున్న డి కూడా పెద్దక్షరమే. యూసీవర్డ్స్ మాట మొదటి అక్షరాన్ని మాత్రమే ముట్టుకుని మిగతాది ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. టైటిల్ మిగతా అక్షరాలన్నిటినీ చిన్నవి చేసేస్తుంది. దాంతో ఆ డి కాస్తా చిన్నదైపోయింది. పైథాన్‌లోనే ఉన్న క్యాపిటలైజ్ అనే ఇంకో ఫంక్షన్ వాడినా ఇదే గతి. పైగా ఇచ్చిన మొత్తం పేరులో మొదటి అక్షరం ఒక్కటే పెద్దదవుతుంది, ఇంటిపేరు చిన్నక్షరంతో మొదలవుతుంది.

అపాస్ట్రఫీ దగ్గర ఇంకా తిరకాసు. టైటిల్ లెక్కలో మాట అంటే వరసగా ఉన్న అక్షరాల గుంపు. అపాస్ట్రఫీ అక్షరం కాదు కాబట్టి మాట అక్కడే తెగుతుంది, John's లాంటి మాటలో దాని తర్వాతి ఎస్ పెద్దదైపోతుంది. 3 పక్కన ఆర్, డి (3rd) రాస్తే ఆ ఆర్ కూడా అంతే. విచిత్రమేంటంటే, ఓ'నీల్ (O'Neil) పేరును సరిగ్గా నిలబెట్టేది ఈ రూలే! మాటల్ని ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టే క్యాప్‌వర్డ్స్ అనే ఫంక్షన్ వాడమని పైథాన్ డాక్యుమెంటేషనే చెబుతుంది. అది వాడితే ఎస్ బాగుపడుతుంది, ఓ'నీల్‌లో ఎన్ చిన్నదైపోతుంది.

అక్షరాల సంఖ్య కూడా మారొచ్చు. జర్మన్ ఎస్‌సెట్ (ß) ఒక్క అక్షరం. అప్పర్‌తో పెద్దక్షరం చేస్తే రెండు ఎస్‌లవుతుంది, తిరిగి లోయర్‌తో చిన్నక్షరాలు చేసినా పాతది రాదు. తెలుగు పేరిస్తే ఏ మార్పూ ఉండదు. పెద్దక్షరాలేనా అని ఈజ్‌అప్పర్‌తో అడిగినా ఫాల్స్ (కాదు), చిన్నక్షరాలేనా అని ఈజ్‌లోయర్‌తో అడిగినా ఫాల్స్.

మధ్యాహ్నం మీటింగ్‌లో గట్టిగానే చెప్పాను: పేరు ఎలా రాసుకోవాలో ఆ మనిషి ఇష్టం, దాన్ని దిద్దే హక్కు మన కోడ్‌కి లేదు. "మరి అన్నీ చిన్నక్షరాల్లో టైపు చేసేవాళ్ల సంగతేంటండీ?" అని టెస్టింగ్ చూసే అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. ఫారమ్ నింపేటప్పుడే కార్డు ఎలా వస్తుందో చూపిద్దాం, నచ్చకపోతే వాళ్లే మార్చుకుంటారు అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. రేపు ముందు టైటిల్ తీసేసి, ఆ తర్వాత ప్రివ్యూ పని మొదలుపెట్టాలి.