బోసిపోయిన గది

నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’ చూశాను. 2018లో చిత్రీకరించినా 2023 జూలై 4న గానీ అమెరికాలో విడుదలకు నోచుకోని ఈ థ్రిల్లర్‌లో, అమెరికా అంతర్గత భద్రతా శాఖ (హోంల్యాండ్ సెక్యూరిటీ) ఏజెంట్ టిమ్ బాలార్డ్ పాత్రను జిమ్ కవీజెల్ పోషించారు. కొలంబియాలోని ఒక దీవిలో, పిల్లలను అక్రమంగా రవాణా చేసే ముఠాకు వల పన్నే ఘట్టం ఊపిరి బిగబట్టి చూసేలా ఉంది.

నన్ను వదలనిది మాత్రం ఆ ఘట్టం కాదు. హోండురస్‌లో ఒక తండ్రి, ఆడిషన్ అన్న మాట నమ్మి కూతురినీ కొడుకునూ అప్పగించి వెళ్లి, చెప్పిన వేళకు తిరిగి వచ్చి చూస్తే ఆ గది బోసిగా ఉంటుంది. అక్కడ సినిమా ఆపి, పక్క గదిలో నిద్రపోతున్న మా అమ్మాయికి దుప్పటి సరిచేసి వచ్చాను. దుప్పటి సరిగ్గానే ఉంది, అది వేరే సంగతి.

ఏజెంట్ ఒక్కడే అడవిలోకి చొరబడి పాపను తెచ్చే చివరి భాగం నాకు అంతగా నచ్చలేదు. అమెరికా 2000లో చేసిన చట్టం, అక్రమ రవాణా బాధితులు ఆ దేశంలోనే ఉండి కోలుకోవడానికి టీ వీసా అనే ఏర్పాటు చేసింది. రక్షించిన మర్నాడు మొదలయ్యే ఆ సుదీర్ఘమైన కథకు ఈ చిత్రంలో చోటు దక్కలేదు.