పోటు లెక్క చూసుకుని కోరింగకి: నా అనుభవం

కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద వెళ్తే చొల్లంగి దాటాక ఎడమ చేతివైపు కోరింగ అభయారణ్యం. టికెట్టు తీసుకోవడం, మడ చెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద నడవడం, వీటిలో ఇబ్బందేమీ లేదు. కష్టమల్లా వేళ కుదుర్చుకోవడమే.

గోదావరి నీరు, సముద్రపు నీరు కలిసే చోటు ఇది. నీరు పైకెక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అందుకే నేను ముందు పంచాంగం చూసి, తర్వాతే సెలవు చూసుకుంటాను. పున్నమి, అమావాస్యలకి నిండు పోటు సుమారుగా ఉదయం తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. మధ్యాహ్నం మూడింటికల్లా పాటు. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి అష్టమి నాటికి వరస తిరగబడి, ఉదయమే పాటు ఉంటుంది. పైగా అష్టమి పోటు బలహీనం. ఇది సముద్రపు ఒడ్డు లెక్క. లోపలి పాయల్లోకి నీరెక్కడానికి ఇంకొంత సేపు పడుతుంది.

పోటు మీద ఉన్నప్పుడు బోటుకి సుఖం. పాటులో చిన్న పాయల్లోకి వెళ్తే అడుగు బురదకి తగిలి ఆగిపోతుంది. అయితే చూడాల్సినదంతా పాటులోనే బయటపడుతుంది: తెల్లమడ చుట్టూ మేకుల్లా నిలబడ్డ ఊపిరి వేళ్లు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే పీతలు, బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, వాటికోసం దిగే కొంగలు. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పున్నమి దగ్గరి రోజు ఎంచుకుని, ఉదయం బోటు, మధ్యాహ్నం చెక్కబాట పెట్టుకుంటే రెండూ దక్కుతాయి. నీటిపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది రాత్రి తిరిగే జంతువు, పగలు బురదలో అడుగుజాడలు కనబడినా గొప్పే. కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ ఇసుక మీద టార్చి లైటు, ఫ్లాష్ వాడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు, పిల్లలు దారి తప్పుతాయి.

ఇక మొక్కలు నాటడానికి వస్తామనే బృందాల సంగతి. అభయారణ్యం లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా మొక్క కూడా నాటకూడదు. అనుమతి వచ్చినా మొదటి పని మొక్క కాదు, కాలువ. ఎందుకంటే, ఒకప్పుడు అడవిని మొత్తంగా నరికిన చోట నేల ఎండి కుంగిపోయింది. పోటుకి లోపలికొచ్చిన నీరు పాటుకి బయటికి పోలేక గుంటల్లో నిలిచి, ఎండకి ఆవిరై ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పులో మడ మొక్క కూడా బతకదు. ‘ఉప్పు నీటి చెట్టే కదా’ అనుకుని అక్కడే గుచ్చేసి ఫొటోలు దిగి వెళ్లిపోతే మిగిలేది ఎండు పుల్లలే.

గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల కమిటీలు కలిసి చేసిన పద్ధతి చేప ముల్లు ఆకారం. సహజమైన పాయ నుంచి సుమారు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా ముఖ్య కాలువ తీస్తారు. దానికి రెండు పక్కలా సుమారు 30 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలు. నిటారుగా తవ్వకుండా పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా తీస్తే గట్లు జారవు. కాలువలను ఇలా ఏటవాలు కోణంలో తీయడం ఎందుకంటే, నీరు సులువుగా లోపలికొచ్చి సులువుగా బయటికి పోవాలి. తవ్విన వెంటనే నాటకూడదు. పోట్లు, వానలు కలిసి ఉప్పు కడిగే దాకా ఆగాలి.

నాటే చోటు కాలువ గట్టు వాలులో మధ్య భాగం. పైన నాటితే పోటు నీరు అందదు, అడుగున నాటితే మొక్క ఎప్పుడూ మునిగే ఉంటుంది. తెల్లమడ, నల్లమడ ఉప్పు బాగా తట్టుకుంటాయి కాబట్టి ముందు అవే. ఉప్పుపొన్న అనే మరో మడ చెట్టుకి రోజూ పోటు తగిలే పాయ అంచు కావాలి. దాని పొడుగాటి మొలకను చెట్టు మీద నుంచి తెంపకుండా, పండి రాలినవాటిలో పుచ్చు లేనివి ఏరుకోవాలి. నాటేటప్పుడు చిన్న మొగ్గ ఉన్న కొస పైకి ఉండాలి. తలకిందులుగా గుచ్చేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు!

తర్వాత వచ్చే పెద్ద బెడద పశువులు. తెల్లమడ ఆకు గేదెలకి ఇష్టం, లేత మొక్కైతే తలతో సహా పోతుంది. కాబట్టి మేత ఎక్కడ ఆపాలో ఊరి కమిటీతో ముందే ఒప్పుకోలు కావాలి. రెండోది ఒండ్రు. పోటు నీరు తెచ్చే మట్టితో పిల్ల కాలువల నోళ్లు పూడితే ఉప్పు మళ్లీ మొదటికొస్తుంది. డబ్బు అడిగేటప్పుడు మొక్కల ఖర్చుతో పాటు ఏటా పూడిక తీసే కూలీ కూడా అంచనాలో రాయండి. చాలా అంచనాల్లో ఆ వరసే ఉండదు.